పార్కులో దొరికిన ఆ నాలుగు కళ్ల పురుగు అట్లాస్ మాత్ కాదు, దసలి పట్టు తల్లి

తమ్ముడూ, ముందు ఆ చెప్పుల డబ్బా మూత తీసెయ్. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

నువ్వు రాసింది నాకు అర్థమైన మేరకు ఇదీ. శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డు పార్కుకి ఆదివారం పొద్దున్నే వాకింగ్‌కి వెళ్లావు. లైటు స్తంభం పక్కన బాదం చెట్టు మానుకి అతుక్కుని జానెడు రెక్కల పురుగు కనిపించింది. రెక్కకొక కన్ను చొప్పున నాలుగు కళ్లు. రెండు గంటలైనా కదల్లేదు. చూసినవాళ్లంతా ఫోన్లు తీసి వెతికి అట్లాస్ మాత్ అని తేల్చేశారు, వాచ్‌మన్ మాత్రం "ముట్టుకోకండి బాబూ, ఇది ఇసపురుగు" అంటూ చీపురు పట్టుకొచ్చాడు. చంపేస్తారని భయపడి నువ్వు దాన్ని డబ్బాలోకి ఎక్కించి ఇంటికి తెచ్చి, సీసా మూతలో పంచదార నీళ్లు పెట్టావు. తాగట్లేదు. ఇప్పుడు నీ ప్రశ్నలు: దీని పేరేంటి, విషమా, ఏం తినిపించాలి, కాలేజీ ల్యాబ్‌కి ఇవ్వొచ్చా. ఆఖర్న మీ బావ అడిగిన ప్రశ్న కూడా ఉంది, ఇలాంటివి లక్షలకి కొంటారట కదా అని.

బావ ప్రశ్నే ముందు తీర్చేస్తాను. ఎవరూ కొనరు. రెండు తలల పాము, నక్షత్ర తాబేలు అంటూ తిరిగే కథల్లాంటిదే ఇదీను. అలాంటి బేరాలకి ఎవరైనా ఫోన్ చేస్తే కట్ చెయ్యమని చెప్పు.

ఇక పేరు. నీ నాలుగు ఫోటోలూ పెద్దవి చేసి చూశాను. అది అట్లాస్ కాదు. దసలి పట్టుపురుగు ఉంటుంది కదా, టసర్ పట్టు తీసేది, దాని రెక్కలొచ్చిన రూపం. అందులోనూ ఆడది. శాస్త్రీయ నామం పుస్తకాన్ని బట్టి ఆంథెరియా మైలిట్టా అనో, ఆంథెరియా పాఫియా అనో కనిపిస్తుంది, రెండూ చూస్తే కంగారు పడకు. మాత్ అన్నదానికి తెలుగులో చిమ్మట అనే మాట ఉంది గానీ, చిమ్మట అంటే మన ఇళ్లల్లో బీరువాలో బట్టలు కొట్టేసే పురుగే గుర్తొస్తుంది, అందుకని నేను మాత్ అనే రాస్తున్నాను. నువ్వు ఒకచోట సీతాకోకచిలుక అని కూడా రాశావు. అది కాదులే. (సీతాకోకచిలుకని హిందీలో తిత్లీ అంటారని 2018 అక్టోబరు 11 తర్వాత మన జిల్లాలో చిన్నపిల్లలక్కూడా తెలుసు, పలాస వైపు కొబ్బరి, జీడి తోటలు పడిపోయిన ఆ తుఫాను పేరు ఇంకా ఎవరూ మర్చిపోలేదు.)

అట్లాస్ ఎందుకు కాదో చెప్పాలంటే ముందు సైజు సంగతి తేల్చాలి, ఎందుకంటే అందరూ మోసపోయేది అక్కడే. పెద్ద పురుగు కనిపిస్తే మన కళ్లు దాన్ని ఇంకా పెద్దది చేసేస్తాయి. నువ్వు జానెడు అన్నావు. నా జాన కొలిస్తే 21 సెంటీమీటర్లు వచ్చింది. కానీ నీ మూడో ఫోటోలో నువ్వు చేసిన మంచి పని ఒకటుంది, పక్కన పది రూపాయల బిళ్ల పెట్టావు. ఆ బిళ్ల అడ్డకొలత 27 మిల్లీమీటర్లు. ఫోన్ స్క్రీన్ మీద బిళ్లని కాగితం ముక్కతో కొలిచి, ఒక రెక్క కొస నుంచి రెండో రెక్క కొస దాకా వరసగా పెట్టుకుంటూ పోతే ఆరు బిళ్లలు పట్టాయి. అంటే 16 సెంటీమీటర్లు, కాస్త అటూ ఇటూ. దసలి ఆడదానికి సరిగ్గా సరిపోయే కొలత. అట్లాస్ ఆడది అయితే 24 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, నీ బిళ్లలు ఎనిమిది తొమ్మిది పెట్టాలి. అయినా సరే కొలత ఒక్కదాన్నీ నేను నమ్మను. చిన్నగా పెరిగిన అట్లాస్ మగది ఉండొచ్చు, బాగా తిన్న దసలి ఆడది ఉండొచ్చు.

నేను చూసేది రెక్కల మీది అద్దాలు. నువ్వు కళ్లు అన్నావే, అవి. జూమ్ చేసి చూడు, ప్రతి కంటి మధ్యలో గుండ్రంగా ఒక చిన్న చోట పొలుసులే లేవు, అక్కడ రెక్క గాజులా ఉంది. మానుకి ఆనుకుని కూర్చున్న ఫోటోలో ఆ గాజు లోంచి బెరడు కనిపిస్తోంది, అందుకే అది నల్లగా, లోతుగా, నిజం కంటిపాపలా ఉంది. అదే పురుగు అద్దం కిటికీ మీద వాలి ఉంటే వెనక ఆకాశం కనిపించేది, కళ్లు తెల్లబడిపోయేవి. రంగు మారిందని కొత్త జాతి అనుకునేవాళ్లని చూశాను. సరే, ఆ గాజు ఆకారం గుర్తుపెట్టుకో. గుండ్రంగా, చుట్టూ రంగు వలయంతో ఉంగరంలో రాయి పొదిగినట్టుంటే దసలి. అట్లాస్‌కీ గాజు కిటికీలుంటాయి, కానీ అవి త్రికోణాలు, సమోసా ఆకారం అనుకో, పైగా బాగా పెద్దవి. దూరం నుంచి చూస్తే రెక్కలో ఎవరో కత్తెరతో ముక్క కోసినట్టుంటుంది.

రెండోది పై రెక్కల కొస. అట్లాస్‌కి ఆ కొస బయటికి సాగి కిందికి వంగి పాము తలలాగా ఉంటుంది, నోరు, కన్నుతో సహా. పక్కనుంచి చూస్తే ఎవడికైనా గుండె జల్లుమంటుంది. నీ దాని రెక్క కొస కాస్త వంపు తిరిగింది గానీ పాము లేదు, ఏమీ లేదు. మూడోది రంగు. అట్లాస్ ఇటుక ఎరుపు కలిసిన గోధుమ రంగులో, తెలుపు, నలుపు, గులాబీ గీతలతో చాలా హడావిడిగా ఉంటుంది, పండగ తివాచీలా. నీది పసుపు కలిసిన బూడిద రంగు, ముందు అంచు వెంబడి బూడిద పట్టీ ఒకటి, బయటి అంచుకి కాస్త లోపలగా దానితో పాటే నడిచే సన్నటి గీత ఒకటి. అంతే, నిరాడంబరం.

ఫోన్‌లో వెతికినవాళ్లని తప్పుపట్టను. "ఇండియా పెద్ద మాత్" అని కొడితే మొదట వచ్చేవన్నీ అట్లాస్ బొమ్మలే. 1758లో లిన్నేయస్ పేరు పెట్టిన నాటి నుంచి దానికున్న పేరు దేనికీ లేదు. అట్లాస్‌లో కూడా హిమాలయాల వైపు, ఈశాన్యంలో ఉండేది ఒకటి, దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ ఉండే దాని చుట్టం టాప్రోబానిస్ ఇంకొకటి. ఈ రెండింటినీ ఫోటో చూసి విడదీయడం పని కాదు, చెయ్యగలనని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో.

ఇప్పుడు ఆడది అని ఎలా అన్నానో. మీసాలు చూడు. ఈ కుటుంబంలో మగవాటికి మీసాలు వెడల్పుగా, ఈకల్లా, దువ్వెన పళ్లు రెండు వైపులా పరిచినట్టుంటాయి. ఆడదానికి సన్నగా ఉంటాయి. నీదానికి సన్నవి. పైగా పొట్ట చూశావా, బొద్దుగా సిగార్‌లా ఉంది, అదంతా గుడ్లే. దసలి మగది చిన్నది, ఎర్ర ఇటుక రంగులో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే ఒకే జాతి అంటే నమ్మవు.

మగదానికి అంత మీసం ఎందుకంటే అది వాసన పట్టే పరికరం. ఆడది కూర్చున్న చోటే కూర్చుని పొట్ట చివర నుంచి ఒక వాసన వదులుతుంది, మన ముక్కుకి తెలియదు, మగవి గాలికి ఎదురుగా వెతుక్కుంటూ వచ్చేస్తాయి. ఫ్రాన్స్‌లో ఫాబ్ర్ అనే పురుగుల పెద్దాయన ఇంట్లో ఇదే కుటుంబానికి చెందిన ఒక ఆడదాన్ని వల బోను కింద ఉంచితే ఆ రాత్రే దాదాపు 40 మగవి ఇంట్లోకి వచ్చేశాయి. ఆ వాసన పదార్థం ఏమిటో మొదటిసారి తేల్చింది మాత్రం మామూలు మల్బరీ పట్టుపురుగులోనే, 1959లో, జర్మనీలో బూటెనాంట్ బృందం. అందుకోసం సుమారు 5 లక్షల ఆడ పురుగుల గ్రంథులు తీయాల్సి వచ్చింది.

నా అనుభవం ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కిందట సీతంపేట కొండదారిలో మద్ది కొమ్మకి వేలాడుతున్న దసలి కాయ (చెట్టు కాయ కాదు, పురుగు అల్లుకున్న పట్టుగూడు) ఒకటి తెంపి తెచ్చి విజయనగరంలో మా వరండాలో మేకుకి తగిలించి మర్చిపోయాను. ఎండాకాలం మొత్తం అలాగే ఉంది, చచ్చిపోయిందే అనుకున్నాను. జూన్ చివర్లో నాలుగు వానలు పడ్డాక ఒక రాత్రి అందులోంచి ఆడది దిగింది. మా ఆవిడ గబ్బిలం అనుకుని తలుపేసేసింది. మర్నాడు తెల్లారి చూస్తే దోమల మెష్‌కి బయట వైపు రెండు ఎర్ర మగవి. నా కాయ కొండ నుంచి వచ్చింది, నిజమే, ఆ మగవి ఎక్కడి నుంచి వచ్చాయి? మా పేటలోవే. అంటే అన్నేళ్లుగా ఊళ్లోనే ఉన్నాయన్నమాట, నేనే తలెత్తి చూడలేదు. అందుకే "పార్కులో ఎలా ఉంటుంది, అడవిలో కదా ఉండాలి" అని నువ్వు అడిగినదానికి నాకు ఆశ్చర్యం లేదు.

అసలు జవాబు నీ మొదటి ఫోటోలోనే ఉంది. బాదం చెట్టు. మన వీధుల్లో నీడకి వేసే బాదం, తినే బాదంపప్పు చెట్టు కాదు, ఆకులు రాలే ముందు ఎర్రబడతాయే అది. దానికీ మద్దికీ కరక్కాయకీ తానికాయకీ ఇంటిపేరు ఒకటే, టెర్మినాలియా. దసలి గొంగళికి ఇష్టమైన భోజనం నల్లమద్ది, తెల్లమద్ది. అవి దొరకనిచోట రేగు తింటుంది, బాదం తింటుంది. పార్కు కట్టినవాళ్లు నీడ కోసం బాదం మొక్కలు పెట్టారు, దసలి దృష్టిలో అది మెస్ తెరిచినట్టు. ఈ పురుగు ఎక్కడి నుంచో ఎగిరొచ్చి ఉండొచ్చు, కానీ నన్నడిగితే అదే చెట్టు మీదో పక్క చెట్టు మీదో పుట్టి పెరిగింది అంటాను.

కావాలంటే వెళ్లి కాయ వెతుకు. పట్టుకాయ అంటే మల్బరీ కాయలా తెల్లగా, దూదిలా ఉంటుందనుకోకు. కోడిగుడ్డు కంటే చిన్నది, బూడిద రంగులోనో మసక పసుపులోనో, గోటితో నొక్కినా లొంగనంత గట్టిది. గొంగళి ముందుగా పట్టుతో కొమ్మ చుట్టూ ఒక ఉంగరం అల్లుతుంది, ఆ ఉంగరం నుంచి తాడులాంటి కాడ దించుతుంది, ఆ కాడకి కాయ కడుతుంది. ఆకు రాలిపోతుంది గానీ కాయ రాలదు, ఎందుకంటే అది ఆకుకి కాదు, కొమ్మకి కట్టుకుంది. నాకు ఈ పురుగులో అన్నిటికన్నా నచ్చేది ఆ ఉంగరమే. కాయకి ఒక చివర రంధ్రం ఉంటే రెక్కల పురుగు వెళ్లిపోయినట్టు. అంత గట్టి గోడని అది కొరకదు, కొరకడానికి నోరు లేదు. తల దగ్గర నుంచి ఒక ద్రవం వదులుతుంది, అందులోని ఎంజైమ్ పట్టుపోగుల్ని అతికించిన జిగురుని కరిగిస్తుంది, పోగులు వదులైతే తోసుకుని బయటికొస్తుంది.

పట్టు తీసేవాళ్లకి ఆ రంధ్రమే నష్టం, పోగు ఒకే దారంగా రాదు. అందుకని మామూలుగా లోపల ప్యూపా, అంటే ఇంకా రెక్కలు రాని పురుగు, ఉండగానే కాయల్ని ఉడకబెడతారు. తెలంగాణలో చెన్నూరు, మహదేవపూర్ వైపు దసలి అంటే ఇప్పటికీ చెప్తారు, ఒడిశాలో గోపాల్‌పూర్ టసర్ పేరు విన్నావేమో, జాజ్‌పూర్ జిల్లాది. టసర్ పట్టుకుండే తేనె రంగు అద్దకం కాదు, పోగు సహజ రంగే అది. మనకి నూలు అంటే పొందూరు, వాలుగ చేప దవడతో పత్తి దువ్వే ఊరు పక్కనుండగా పట్టు పురుగుని ఎవరు పట్టించుకుంటారు!

ఇప్పుడు పంచదార నీళ్లు. తాగదు, తమ్ముడూ. తాగలేదు. ఇందాక అన్నట్టు దానికి పనిచేసే నోరు లేదు. గొంగళిగా ఉన్న నెల, నెలన్నర రోజుల్లో తిన్న ఆకులే దాని జీవితం మొత్తానికి తిండి. రెక్కలొచ్చాక ఉండేది వారం, పదిరోజుల లోపే, ఆ లోపల జత కట్టాలి, గుడ్లు పెట్టాలి, అయిపోయింది. అందుకే పగలు రెండు గంటలు కదల్లేదంటే జబ్బు కాదు, పొదుపు. నువ్వు డబ్బాలో పెట్టినప్పుడు అది రెక్కలు కొట్టుకుని ఖర్చుపెట్టిందే, ఆ ఇంధనం మళ్లీ రాదు. తిట్టడానికి అనట్లేదు, చీపురు నుంచి కాపాడావు, అది పెద్ద పని.

చెయ్యాల్సింది ఇదీ. ఇవాళ సాయంత్రం చీకటి పడే వేళకి అదే పార్కులో, ఆ లైటుకి వీలైనంత దూరంగా ఉన్న బాదం చెట్టు దగ్గరికి డబ్బా తీసుకెళ్లు. రెక్కలు పట్టుకుని ఎత్తకు. ముందు కాళ్ల కింద వేలు గానీ పుల్ల గానీ పెడితే అదే ఎక్కుతుంది, ఆ పుల్లని మానుకి ఆనించు, మాను మీదికి నడిచిపోతుంది. నీ తలకంటే ఎత్తులో పెట్టు, చీమలు లేని వైపు. పగలు వదిలితే కాకులు, గోరింకలు క్షణంలో పీకేస్తాయి.

డబ్బా పారెయ్యకు! గోడలకి అతుక్కుని సుమారు 3 మిల్లీమీటర్ల గుడ్లు కనిపించాయా చూడు, కొంచెం నొక్కినట్టు గుండ్రంగా ఉంటాయి. ఆడది దిగిన రాత్రే జత కట్టి ఉంటే, పార్కులో మానుకి అంత నిశ్చింతగా కూర్చుంది కాబట్టి కట్టే ఉంటుందని నా అంచనా, ఈపాటికి కొన్ని పెట్టేసి ఉంటుంది. మొత్తం మీద ఒక్కో తల్లి 150, 200 పెడుతుంది. ఆ అట్టముక్క కత్తిరించి బాదం కొమ్మకి, ఆకుల నీడన, దారంతో కట్టు. ఎనిమిది, పది రోజుల్లో పిల్లలొస్తాయి. జత కట్టని ఆడది కూడా గుడ్లు పెడుతుంది, అవి పిగలవు. రెండు వారాలు దాటినా ఏమీ రాకపోతే అదన్నమాట సంగతి.

విషం గురించి వాచ్‌మన్‌కి చెప్పు, పాపం ఆయన తప్పేం లేదు, అంత పెద్ద కళ్లు చూస్తే పక్షులే భయపడతాయి, ఆ కళ్లున్నది అందుకే. దీనికి కుట్టడానికి ముల్లు లేదు, కరవడానికి నోరు లేదు. రెక్కల పొడి కంట్లో పడితే గుడ్డివాళ్లయిపోతారని మా అమ్మమ్మ కూడా చెప్పేది. ఆ పొడి పొలుసులు మాత్రమే. కంట్లో పడితే దుమ్ము పడినట్టు మండుతుంది, నీళ్లతో కడుక్కుంటే పోతుంది. కొంతమందికి చర్మం కాస్త దురద పెట్టొచ్చు. నిజంగా జాగ్రత్తపడాల్సింది మునగ చెట్టు బెరడు మీద గుంపులుగా ఉండే బొచ్చు గొంగళ్లతో. అవి తగిలితే ఒళ్లంతా దద్దుర్లే, మా ఇంట్లో మునగ కొట్టించేసింది అందుకే. వాటిని ఎవరూ విషం అనరు, మునగాకు పప్పు రుచి అలాంటిది!

మన వైపు రాత్రిపూట లైట్ల దగ్గర కనిపించే పెద్దవాటిలో దీనితో పొరపడేవి ఇంకొన్ని ఉన్నాయి, ఈసారి కనిపిస్తే పనికొస్తుందని రాస్తున్నాను. గుడ్లగూబ మాత్ అంటారు ఎరెబస్‌ని, ముదురు గోధుమ రంగు, 12 సెంటీమీటర్లు, కన్ను పై రెక్కల మీదే ఉంటుంది, అదీ గుండ్రంగా కాదు, కామాలా చుట్టుకుని ఉంటుంది, గాజు ఉండదు. ఇది ఇళ్లలోకి వస్తుంది, మెట్ల కింద, బాత్రూం మూల చీకట్లో కూర్చుంటుంది. దీనికి నాలుక ఉంది, పండిన పళ్ల రసం, చెట్టు బంక పీలుస్తుంది, నీ పంచదార నీళ్లు దీనికి పెట్టి ఉంటే తాగేది. నువ్వుల చేల దగ్గరైతే పుర్రె మాత్ కనిపిస్తుంది. దీని లావుపాటి గొంగళి నువ్వాకు, వంగాకు తింటుంది. పెద్దది భుజాల మీద పుర్రె బొమ్మతో తిరుగుతూ తేనెపట్టుల్లోకి దూరి తేనె తాగుతుంది, పట్టుకుంటే కీచుమని అరుస్తుంది. పురుగు అరిస్తే ఎలా ఉంటుందో నీకు తెలియదు, నేను మొదటిసారి చేతిలోంచి వదిలేశాను.

జీడి, మామిడి చెట్ల మీద బంగారు తీగతో వల అల్లినట్టు జాలీ జాలీగా కాయలు గుంపుగా కనిపిస్తే అది క్రికులా, దసలికి చుట్టమే కానీ బాగా చిన్నది. ఆకంతా తినేస్తుందని జీడి రైతుకి దానిమీద కోపం.

ఇంక చంద్ర మాత్. లేత ఆకుపచ్చ, తెల్లటి ఒళ్లు, కింది రెక్కలకి రిబ్బన్లలాంటి పొడుగు తోకలు. దాన్ని దేనితోనూ పొరపడరు, అయినా చెప్పకుండా ఉండలేను. ఒక వానాకాలం రాత్రి సీతంపేట దగ్గర బస్సు షెల్టర్ ట్యూబ్‌లైటు కింద చూశాను, ఆఖరి బస్సు ఎక్కకుండా నిలబడిపోయాను, రాత్రి అక్కడే పడుకున్నాను. దాని గొంగళి గుంపెన చెట్టు ఆకు తింటుంది. ఆ తోకలు అందానికి కాదు. అమెరికాలో దాని చుట్టం లూనా మాత్ మీద 2015లో చేసిన ప్రయోగాల్లో తేలింది, ఎగిరేటప్పుడు తోకలు మెలితిరుగుతుంటే గబ్బిలం తన శబ్దం ప్రతిధ్వని విని ఒంటిని వదిలి తోకని పట్టుకుంటుంది, మాత్ తోక పోగొట్టుకుని బతికిపోతుంది.

లైటు దగ్గరికి ఎందుకొస్తాయని అడిగావు కదా. దీపాన్ని చూసి చంద్రుడనుకుంటాయని నేనూ చాలా ఏళ్లు పిల్లలకి చెప్పాను. 2024లో వచ్చిన పరిశోధనలో వేగంగా తీసే కెమెరాలతో చూస్తే వేరే సంగతి బయటపడింది. రాత్రిపూట ఎగిరే పురుగులు ఆకాశం కాస్త వెలుగ్గా ఉండేది పైవైపే అన్న లెక్కతో వీపుని వెలుతురు వైపు తిప్పి ఎగురుతాయి. పక్కన బల్బు వెలిగితే వీపు అటు తిప్పుతాయి, తిప్పితే దారి వంకర పోతుంది, వంకర పోతే మళ్లీ బల్బు చుట్టూనే. అంటే వెలుతురు లాగట్లేదు, పై ఏదో కింద ఏదో తెలియక ఇరుక్కుపోతున్నాయి. నోరులేని దసలికి అలా ఒక రాత్రంతా తిరగడం అంటే ఉన్న వారంలో పెద్ద ముక్క పోయినట్టే. అందుకే లైటుకి దూరంగా ఉన్న చెట్టు అన్నాను.

కాలేజీ ల్యాబ్ గురించి. బతికున్నదాన్ని గుచ్చడానికి ఇవ్వకు. మీ మాస్టారికి నమూనా కావాలంటే వారం తర్వాత ఆ చెట్ల కింద తెల్లారే వెళ్లు, గుడ్లు పెట్టేసి రాలిపోయినవి చీమలు పట్టకముందు దొరుకుతాయి. బిరుసెక్కిపోయి ఉంటే తడిగుడ్డ వేసిన స్టీలు డబ్బాలో, నీళ్లు తగలకుండా, ఒక రోజు మూసి పెడితే రెక్కలు మెత్తబడి విప్పడానికి వస్తాయి. థర్మోకోల్ మీద కాగితం పట్టీలతో పరిచి ఆరబెట్టి, నాఫ్తలీన్ ఉండలు వేసిన డబ్బాలో పెట్టండి. ఎక్కడ, ఏ తేదీన, ఏ చెట్టు కింద దొరికిందో చీటీ రాసి పక్కన గుచ్చాలి, ఆ చీటీ లేకపోతే అది ల్యాబ్‌లో అలంకారమే.

దానికంటే నువ్వు చెయ్యగలిగిన మంచి పని ఇంకొకటుంది. ఇప్పుడు వినాయక చవితి వెళ్లింది. గుడ్లు పిగిలి గొంగళ్లు నాలుగుసార్లు చర్మం వదిలేసరికి దసరా దాటుతుంది, మా విజయనగరంలో సిరిమాను ఊరేగే రోజులకి అవి నీ చూపుడు వేలికంటే లావుగా, ఆకుపచ్చగా, పక్కల మీద వెండి చుక్కలు మెరుస్తూ ఉంటాయి. అంత పెద్దవైనా ఆకుల్లో కనపడవు, తలెత్తి వెతికితే మెడ నొప్పే మిగులుతుంది. కింద చూడు. బాదం చెట్టు కింద సిమెంటు బెంచీ ఉందని ఫోటోలో కనిపిస్తోంది కదా, పొద్దున్నే ఊడవకముందు దాని మీద ధనియాలకంటే పెద్దగా, పీపాల్లా, పొడుగునా ఆరు గాడులున్న నల్లటి రెట్టలు పడ్డాయేమో చూడు. పడితే సరిగ్గా దాని పైకొమ్మలో ఉంటుంది. వాచ్‌మన్‌ని కూడా పిలిచి చూపించు, ఈసారి ఫోటో పది రూపాయల బిళ్లతోనే తియ్యి.